ఇంగ్లీషు "గెట్" అంటే "పొందు" అని నేర్పడం మానేద్దామా?

(ఒడిశా సరిహద్దు ఊళ్లలో ఇంగ్లీషు చెప్పే మాస్టార్ల చర్చ ఇది. ఎవరి మాట ముందు వాళ్ల ఊరి పేరుంది.)

పర్లాకిమిడి ట్యూషన్: గెట్ అంటే "పొందు" అని నోట్సులో రాయించేస్తాం. ఆనక "ఇట్ ఈజ్ గెటింగ్ డార్క్" వస్తే పిల్లలు "అది చీకటిని పొందుచున్నది" అంటారు. తప్పు వాళ్లది కాదు. అసలు "పొందు" అని మన ఇళ్లలో ఎవరంటారు? ఉత్తరం వచ్చింది, జీతం అందింది, టికెట్ దొరికింది, కూరలు తెచ్చాం. అన్నిటికీ గెటే. ఆ అర్థం కొట్టేయాలని నా వాదన.

రాయగడ వ్యాకరణం: కొట్టేసి ఏం పెడతారు మాస్టారూ, పాతిక అర్థాలా? గెట్ పక్కనేముందో చూడమనండి చాలు. వస్తువుంటే చేతికి రావడం. టైర్డ్, వెట్ లాంటి విశేషణముంటే "అవడం, పోవడం": అలసిపోయాను, తడిసిపోయాను. ఊరుంటే చేరడం, "గెట్ టు రాయగడ". హోమ్, హియర్, దేర్ ముందు మాత్రం టు పెట్టకూడదు.

బరంపురం బడి: చిక్కు అర్థంలో లేదండి, "కు"లో ఉంది. తెలుగులో "నాకు కోపం వచ్చింది", ఒడియాలో "మోతె రాగ లాగిలా". రెంటిలోనూ కోపమే కర్త, మనిషి పక్కన నిలబడతాడు. ఇంగ్లీషులో మనిషే కర్త: "ఐ గాట్ యాంగ్రీ". మన సరిహద్దు పిల్లల్ని రెండు భాషలూ ఒకేవైపు లాగుతాయి, అందుకే "ఫీవర్ కేమ్ టు మీ" అని రాస్తారు. "నాకు"ని ఐ చేయండి, "వచ్చింది"ని గాట్ చేయండి. సరిపోతుంది.

రాయగడ వ్యాకరణం: అదే సూత్రం "నాకు లేటవుతోంది"కి పెట్టి చూడండి. "ఐయామ్ గెటింగ్ లేట్" వచ్చింది కదా? మన దేశంలో చెల్లుతుంది గానీ బ్రిటన్‌వాళ్లు అలా అనరు. వాళ్లకి "ఇట్స్ గెటింగ్ లేట్" అంటే పొద్దుపోతోందని. మనిషికి ఆలస్యమైతే "ఐయామ్ రన్నింగ్ లేట్".

బరంపురం బడి: ఒప్పుకున్నాను. జబ్బులకీ కోపతాపాలకీ పనికొస్తుంది, గడియారానికి పనికిరాదు.

గుణుపురం: "చేయించుకోవడం" ఎవరూ ఎత్తలేదేం? "ఐ కట్ మై హెయిర్" అంటే కత్తెర నీ చేతిలోనే ఉన్నట్టు. మంగలి చేత చేయించుకుంటే "ఐ గాట్ మై హెయిర్ కట్". వరస తప్పకూడదు: గెట్, తర్వాత వస్తువు, ఆ తర్వాత క్రియ మూడో రూపం. "గాట్ కట్ మై హెయిర్" అంటే వరస చెడింది. మనిషిని చెప్పాలంటే టు కావాలి: "ఐ గాట్ హిమ్ టు సైన్". ఫోను పోయినప్పుడు "మై ఫోన్ గాట్ స్టోలెన్" అనడం మేలు. "ఐ గాట్ మై ఫోన్ స్టోలెన్" అంటే తనే దొంగని కుదుర్చుకున్నట్టు వినబడొచ్చు!

పర్లాకిమిడి ట్యూషన్: ఇది బాగుంది. తెలుగులో "ఇంచుకొను" ఉండగా దీన్ని వేరే పాఠంగా ఎందుకు చెప్తున్నామో! మరి "పలాసలో గెట్ డౌన్" తప్పంటారా?

గుణుపురం: కండక్టరుకి తప్పు కాదు. బయటివాళ్లకి గెట్ డౌన్ అంటే చెట్టో నిచ్చెనో దిగడం. బస్సు, రైలు దిగితే గెట్ ఆఫ్, కారు దిగితే గెట్ అవుట్ ఆఫ్.

రాయగడ వ్యాకరణం: పనిలో పనిగా గెట్‌కి అమెరికా వాళ్ల మూడో రూపం గాటెన్ సంగతి. అమెరికాలో "ఐ హ్యావ్ గాట్ ఎ కార్" అంటే కారుంది, "గాటెన్" అంటే కొత్తగా సమకూరింది. బ్రిటన్‌లో రెంటికీ గాటే. మన పుస్తకాలు బ్రిటిష్ పద్ధతివి, పరీక్షలో గాట్ రాయించండి. "పొందు"ని మాత్రం కొట్టేయొద్దు మాస్టారూ, బహుమతి దగ్గర పనికొస్తుంది.

పర్లాకిమిడి ట్యూషన్: బహుమతి కూడా మా పిల్లలకి "వస్తుంది" అండి.