బెంగాలీ కోడలు ఆడపడుచుని ‘అక్కా’ అనొచ్చా?

ప్రశ్న (అమలాపురం): కోనసీమ అబ్బాయి, కోల్‌కతా అమ్మాయి పెళ్ళి మీద సినిమా. అత్తారింట్లో మొదటి రోజు కొత్త కోడలు భర్త అక్కగారిని ‘అక్కా’ అని పిలుస్తుంది. బెంగాలీలో ‘దిదీ’ అంటారు కాబట్టి నప్పుతుందని అలా రాశారు. వింటే ఎక్కడో తేడా కొడుతోంది. ‘వదినా’ అనే ఉండాలా?

జవాబు (భీమవరం): ‘వదినా’ అనే ఉండాలి. మన వరసల్లో ఆడపడుచు ‘అక్క’ అయితే మొగుడు అన్నో తమ్ముడో అయిపోతాడు. అందుకే మొగుడి అక్క వదిన, మొగుడి అన్న బావగారు. ‘అక్కా’ అనే పిలుపు తోడికోడలికి, అంటే బావగారి భార్యకి. ఇదంతా మేనరికం వేసిన కట్టు. మేనత్త కొడుకూ బావే, అక్క మొగుడూ బావే, భార్య అన్నా బావే. మేనమామ కూతుర్నీ మేనత్త కూతుర్నీ చేసుకోవడం దక్షిణాది ఆచారమని బౌధాయన ధర్మసూత్రం కూడా చెప్పింది. బెంగాలీ హిందువుల్లో మేనమామ పిల్లలు అన్నాచెల్లెళ్ళే. కాబట్టి భర్త అక్కని ‘దిదీ’ అన్నా వాళ్ళకి ఏ వరసా తప్పదు.

ఇంతకన్నా చిక్కు ‘మావయ్యగారు’ దగ్గర ఉంది. బెంగాలీలో ‘మామా’ అంటే అమ్మ అన్నదమ్ముడే. మామగారిని ‘బాబా’ అనీ, అత్తగారిని ‘మా’ అనీ పిలుస్తారు. ఆ అమ్మాయి నోట ‘మావయ్యగారూ’ తడబడుతూ వస్తే అది నిజం. ఆ తడబాటుతో హాల్లో నవ్వులు పండించొద్దు. పక్కనున్న అత్తగారు మాట మెల్లిగా అందిస్తే చాలు, కోడలి గౌరవమూ నిలుస్తుంది.

జవాబు (రాజోలు): డబ్బింగులో హిందీ ‘భాభీ’ కనపడగానే ‘వదిన’ అని దించేస్తారు. మరిది పిలిస్తే సరే. చిన్నకోడలు పెద్దకోడల్ని పిలిస్తే మాత్రం ‘అక్కా’. ముందు ఎవరు ఎవర్ని పిలుస్తున్నారో వరసల చీటీ రాసుకుని, తర్వాత పెదవుల కదలిక చూసుకోవాలి. ‘భయ్యా’ రెండక్షరాలు, ‘బావగారు’ నాలుగు. పట్టడం లేదని ‘బావా’ అని కుదించకండి. మన ఇళ్ళల్లో మొగుడి అన్నని మరదలు ఉత్త ‘బావా’ అనదు. పిలుపు తీసేసి ‘రండి’ అనిపించండి, ఆ ‘అండి’లోనే మర్యాద ఉంది.

ఇంకోటి. ప్రతి వాక్యం చివరా ‘ఆయ్’ తగిలిస్తే గోదావరి యాస రాదు. అది పెద్దవాళ్ళ మాటకి ఒప్పుకోలు. ‘రేపొకసారి రేవు దాకా వెళ్ళాలి’ అంటే ‘ఆయ్, వెళ్తానండి.’

ప్రశ్న (అమలాపురం): మరి బెంగాలీ పెళ్ళిలో ‘తత్త్వ’ని ఏమనాలి?

జవాబు (భీమవరం): ‘తత్త్వం’ అని వేస్తే వేదాంతం అనుకుంటారు. అవి రెండిళ్ళ మధ్య పళ్ళేల్లో నడిచే చీరలూ మిఠాయిలూ. పసుపు రోజున మగపెళ్ళివారు పంపే పళ్ళేల్లో చీర కట్టిన రోహు చేప కూడా ఉంటుంది, మన శీలావతి. దీన్ని సారె అనకండి, సారె పుట్టింటి నుంచే వస్తుంది. ‘మగపెళ్ళివారి పళ్ళేలు’ అని విప్పి రాయండి. ఫూల్‌శయ్య (మన శోభనం) రోజున ఆడపెళ్ళివారు పంపేదానికైతే ‘సారె’ సరిగ్గా అతుకుతుంది.