‘ఫ్లాష్ చేయడం’ని తెలుగులో ఏమనాలి?

పర్లాకిమిడి నుంచి:

మా మేనల్లుడు కిందటి నెల సిరా తెర ఫోనొకటి కొన్నాడు. అదే, ఈ-ఇంక్ అంటారే, అది. చైనా నుంచి తెప్పించిన పాత సరుకు. వాట్సాప్ గోల తగ్గించుకుందామని తెచ్చుకుంటే, తీరా దాన్నిండా చైనా భాష యాప్‌లే. తీసేద్దామంటే పోవు. దాంతో రెండు రాత్రులు కూర్చుని అందులో ఉన్న ఆండ్రాయిడ్ తీసేసి వేరేది పెట్టాడు. దీన్నే ఫ్లాష్ చేయడం అంటారు. పొద్దున్నే వచ్చి "అత్తా, ఎక్కించీసినాను" అన్నాడు. మా వదిన వంటింట్లోంచి కంగారుగా "ఎవలికిరా, సెలైనా?" అంది.

అప్పట్నుంచీ ఆ మాటే బుర్రలో తిరుగుతోంది. ఇన్‌స్టాల్‌కి ‘స్థాపించు’ అని రాయడం చూశాను. ఫోనులో ఏదైనా స్థాపిస్తే కొబ్బరికాయ కొట్టాలేమో అనిపిస్తుంది. ఎక్కించు మాత్రం మన నోట్లో మాట. మెమొరీ కార్డుల రోజుల్లో మా బజార్లో సెల్ దుకాణాల బోర్డులు ఒడియాలో ఉండేవి, లోపల కుర్రాడు మాత్రం "ఎన్ని పాటలు ఎక్కించమంటారు" అని తెలుగులోనే అడిగేవాడు. లారీకి బస్తాలు, ఒంట్లోకి సెలైను, బుర్రకి పాఠం, అన్నిటికీ అదే క్రియ. ఫ్లాష్ చేయడానికి ఇది చాలదా?

రాయగడ నుంచి:

చాలదు అక్కా. ఎక్కించడమంటే ఉన్నదానికి ఇంకోటి చేర్చడం. బస్తా ఎక్కిస్తే లారీ మాయమైపోదు కదా. ఫ్లాష్‌లో ముందు జరిగేది చెరపడం. అసలు ఆ పేరు వచ్చిందే అలా. 1980ల్లో తోషిబాలో ఫుజియో మసువోకా ఫోన్లలో ఉండే ఫ్లాష్ మెమొరీ తయారుచేసినప్పుడు, అందులోని సమాచారం ఒక్క దెబ్బకి చెరిగిపోవడం చూసి తోటి ఉద్యోగికి కెమెరా ఫ్లాష్ గుర్తొచ్చిందట. పైగా బూట్‌లోడర్, అంటే ఫోను ఆన్ చేయగానే ముందు లేచే ప్రోగ్రాం, దాని తాళం తీయగానే ఫోటోలూ నంబర్లూ అన్నీ ఊడ్చిపెట్టుకుపోతాయి. మీవాడు దాచుకున్నాడో లేదో! నా ఓటు ‘తుడిచి రాయడం’కి.

పర్లాకిమిడి నుంచి:

దాచుకోలేదు. ఆ కథ వద్దులే తమ్ముడూ.

తుడిచి రాయడం అంటే నాకు పలకే గుర్తొస్తుంది. నిజానికి ఆ తెర కూడా పలకలాంటిదే. కంటికి ఆనని గుళికల్లో నల్ల రేణువులూ తెల్ల రేణువులూ ఉంటాయి. కరెంటు ఎటు తోస్తే అటు వెళ్తాయి, కరెంటు ఆపేసినా అక్కడే ఉండిపోతాయి. అందుకే అక్షరం కదలకుండా నిలబడుతుంది.

కానీ మావాడు కొత్తది పెట్టాక పేజీ తిప్పితే పాత పేజీ కింద లీలగా కనిపిస్తోంది. చిన్నప్పుడు పలక మీద ఉమ్మేసి అరచేత్తో తుడిస్తే పాత ‘అ ఆ’లు కనిపించేవే, అచ్చం అలాగ. ఇంగ్లీషులో దీన్ని దయ్యం పేరుతో పిలుస్తారట. మనకి ‘లీలగా’ ఉండగా దయ్యమెందుకు? తెరని ఒకసారి నల్లగా, ఒకసారి తెల్లగా చేసి కడిగే ఏర్పాటు పాతదాంట్లో కంపెనీవాళ్ళు రాసిపెట్టినదట. ఇప్పుడు పెట్టింది అన్ని ఫోన్లకీ ఒకే అచ్చులో వచ్చే ఆండ్రాయిడ్, జీఎస్ఐ అంటారు. 2017లో ఆండ్రాయిడ్ 8తో ప్రాజెక్ట్ ట్రెబుల్ అని, ఆండ్రాయిడ్‌ని ఫోను కంపెనీవాళ్ళు రాసిన భాగం నుంచి విడదీసే ఏర్పాటు వచ్చాక ఆ అచ్చు చాలా ఫోన్లలో లేస్తోంది. లేస్తుందంతే. పక్కనున్న తెర కడిగే మీట మాత్రం చచ్చిపోయింది.

జయపురం నుంచి:

చర్చకి సంబంధం లేదు గానీ, ఒడియాలో సిరాని ‘కాళి’ అంటారు. మా పక్కింటాయనకి ఇలాంటి ఫోను గురించి నా వచ్చీరాని ఒడియాలో ‘కాళి ఫోను’ అని చెబితే దండం పెట్టాడు.

బరంపురం నుంచి:

పర్లాకిమిడి వాళ్ళు మాట గురించి అడిగితే గిడుగు రామమూర్తి గారు గుర్తురాకుండా ఉంటారా? 1936లో ఆ ఊరు ఒడిశాలో కలిసినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్ళిపోయారు. అంతకుముందు దశాబ్దాల పాటు సవర గిరిజనులు ఎలా పలికితే అలా విని రాసుకున్నారు. మనమూ ముందు ఆ సెల్ దుకాణం కుర్రాణ్ణి వినాలి.

రాయగడ బాబుకి నాదొక మాట. లారీనే ఎందుకు పట్టుకున్నారు? గద్దె ఎక్కించడం లేదా? కొత్తవాణ్ణి గద్దె ఎక్కిస్తే పాతవాడు దాని మీదే కూర్చుని ఉండడు, దిగిపోవాల్సిందే. ఆ దించడం ఎక్కించులోనే ఉంది, విడిగా చెప్పక్కర్లేదు. ఫోనులో ఓఎస్, అంటే ఆ ఆండ్రాయిడ్, చేసేది కూడా పెత్తనమే కదా. ఏ యాప్ లేవాలి, ఏ మీట పనిచేయాలి అన్నీ దాని ఇష్టం. కాబట్టి పాటలు ఎక్కించడం బస్తాల లెక్క, ఓఎస్ ఎక్కించడం గద్దె లెక్క. క్రియ ఒకటే, పక్కనున్న నామాన్ని బట్టి అర్థం మారుతుంది.

రాయగడ నుంచి:

గద్దె దగ్గర దొరికిపోయాను మాస్టారూ. ఒక్క చిక్కు మాత్రం ఉంది. వికీపీడియాలో అప్‌లోడ్‌ని ఎక్కింపు అంటున్నారు. రెండూ కలిసిపోవూ?

బరంపురం నుంచి:

నెట్‌లోకి ఎక్కించడం, ఫోన్లోకి ఎక్కించడం. విభక్తులున్నది అందుకే కదయ్యా.

జయపురం నుంచి:

అక్కా, అది సరే గానీ యూపీఐ పనిచేస్తోందా? నేనూ ఒకటి కొందామని చూస్తున్నా.

పర్లాకిమిడి నుంచి:

లేదు. తాళం తీసిన ఫోను కదా, బ్యాంకు యాప్ తెరవగానే ఇది సురక్షితం కాదని మూసుకుపోతోంది. టీ కొట్టు దగ్గర చిల్లర కోసం జేబులు తడుముకుంటున్నాడు. నిన్న రాత్రి మళ్ళీ కేబుల్ తగిలించి కూర్చున్నాడు, పాతదే ఎక్కించేస్తాడట. వదిన గుమ్మంలోంచి తొంగిచూసి, "మళ్ళీ ఎక్కిస్తన్నావేటి, ఇంకా తగ్గలేదా దానికి?" అంది.