ఇసుర్రాయికి కక్కు ఎప్పుడు కొట్టియ్యాలె?

ప్రశ్న (హనుమకొండ): జొన్నలు ఇసిరితే పిండికి బదులు రవ్వ వస్తుంది. రాయి మార్చాలా? ఉత్తరాఖండ్ ఘరాట్ లెక్క నీళ్లతో తిరిగే మర మన చెరువుల కాడ పెట్టొచ్చా?

జవాబు 1: మార్చకండి, కక్కు (రాయి ముఖం మీద ఉలితో కొట్టిన గరుకు గుంటలు) అరిగింది. రెండు ముఖాలు చేత్తో తడమండి. నున్నగ తగిలితే ఉలితో గుంటలు కొట్టియ్యాలె. నడుమ కొంచెం లోతుగ, అంచు దిక్కు పైపైన. అంచుకాడ లోతైతే గింజ నలగకముందే బయటపడుతది. తర్వాత కడిగి ఆరబెట్టి, రెండు మూడు పిడికిళ్ల నూకలు ఇసిరి పారబోయండి, లేకుంటే రొట్టెల రాతిపొడి పండ్లకు తగులుతది.

జవాబు 2: నడిమి మేకు కూడా చూడండి. వదులైతే పైరాయి ఒరిగి ఒక పక్కనే అరుగుతది. గింజలు తడిగుంటే పిండి అంటుకొని కక్కు మూసుకపోతది. వట్టి రాయి మాత్రం తిప్పొద్దు.

జవాబు 3: ఘరాట్ చక్రం పడుకొని ఉంటది. నిలువు ఇరుసు కిందిరాయి నడుమ నుంచి పోయి పైరాయిని తిప్పుతది. పండ్లచక్రాలు (గేర్లు) ఉండవు కాబట్టి చక్రం ఒక చుట్టు తిరిగితే రాయీ ఒక చుట్టే. అందుకే ఏటవాలుల జోరుగ దూకే నీళ్లు కావాలె. నిలువు చక్రానికి పండ్లచక్రాలు తగిలించే పద్ధతి రోమన్ ఇంజినీరు విట్రూవియస్ క్రీ.పూ. 1వ శతాబ్దంలనే రాసిండు. మన పాకాల, రామప్ప చెరువుల తూములేమో పారకానికి విడిచినప్పుడే పారుతయి. మర ఏడాదంతా తిరగాలంటే కష్టం.