నాలుగు మీటర్ల ఎత్తున్న రేకుల కప్పు మీద హార్నెస్ కొక్కెం దేనికి తగిలించాలి?

ప్రశ్న (సైట్ సూపర్‌వైజర్):

మా పర్యవేక్షణలో ఒక గోదాము రేకుల కప్పు మరమ్మతు జరుగుతోంది. కప్పు అంచు నేలకు సుమారు 4 మీటర్ల ఎత్తులో ఉంది. పనివారందరికీ ఫుల్ బాడీ హార్నెస్ (ఒంటికి తొడిగే పట్టీల అమరిక), షాక్ అబ్సార్బర్ (పడినప్పుడు విచ్చుకుని కుదుపును తగ్గించే భాగం) ఉన్న 1.8 మీటర్ల జంట కొక్కేల లాన్యార్డ్ (హార్నెస్‌ను ఆధారానికి కలిపే తాడు) ఇచ్చాం. అయితే కప్పు మీద యాంకర్లంటూ, అంటే కొక్కెం తగిలించే గట్టి ఆధారాలంటూ, ప్రత్యేకంగా ఏవీ లేవు. అందువల్ల కొందరు రేకులను మోసే పర్లిన్‌కు, మరికొందరు కప్పు పక్కగా పోయే ఇనుప పైపుకు కొక్కెం తగిలించుకుంటున్నారు. ఇద్దరు మనుషులు వేలాడి చూసినా పైపు వంగలేదని, కనుక భయం లేదని మేస్త్రీ గారు అంటున్నారు. ఇది సరైన పద్ధతేనా? అలాగే జంట కొక్కేలలో వాడని రెండో దానిని ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియజేయగలరు.

జవాబు (స్ట్రక్చరల్ ఇంజనీరు):

మనుషులు వేలాడి చూడడం యాంకర్‌కు పరీక్ష కాదండి. 80 కిలోల మనిషి కదలకుండా వేలాడితే పైపు మీద పడే బలం 0.8 కిలోన్యూటన్ మాత్రమే. అదే మనిషి జారి పడి ఒక్కసారిగా ఆగినప్పుడు, షాక్ అబ్సార్బర్ సక్రమంగా పనిచేసినా, 6 కిలోన్యూటన్‌ల వరకు పడవచ్చు. యూరప్ ప్రమాణం అబ్సార్బర్‌కు పెట్టిన హద్దు అది. అమెరికా నిబంధనలు శరీరం మీద పడే బలాన్ని 8 కిలోన్యూటన్‌ల వరకు అనుమతిస్తాయి. అందుకే అక్కడి నిర్మాణ రంగ నిబంధన ప్రకారం, యాంకర్‌కు తగిలించుకునే ఒక్కొక్క మనిషికీ 22.2 కిలోన్యూటన్‌లు, అంటే రెండుంబావు టన్నుల పైచిలుకు బరువు, తట్టుకునే శక్తి ఉండాలి. లేదంటే అర్హత గల ఇంజనీరు కనీసం రెండింతల భద్రతతో ఆ వ్యవస్థ మొత్తాన్ని రూపొందించి ఉండాలి.

నీళ్ళ పైపునో కేబుల్ పైపునో గోడకు పట్టి ఉంచే క్లాంపులు దాని సొంత బరువు కోసం వేసినవి. పైపు వంగకపోయినా క్లాంపు ఊడి రావచ్చు. పర్లిన్ సంగతీ అంతే. పల్చటి రేకును మడిచి చేసిన ఆ కడ్డీ పైనుంచి వచ్చే బరువును మోస్తుంది కానీ, పక్కకు లాగితే మెలితిరుగుతుంది. పైగా దాని పదునైన అంచు లాన్యార్డ్ పట్టీని కోసేస్తుంది. చేతి రైలింగ్‌కు, నిచ్చెనకు, పరంజా గొట్టాలకు కూడా, ఆ పని కోసమే తయారైనవి కాకపోతే, తగిలించకూడదు. మీ గోదాములో ఆలోచించదగినవి స్తంభాల మీద కూర్చున్న ప్రధాన రాఫ్టర్లు (కప్పును మోసే పెద్ద దూలాలు) మాత్రమే. వాటికి యాంకర్ ఎక్కడ, ఎలా బిగించాలో లెక్కగట్టి, ఇంజనీరు సంతకంతో కాగితం తీసుకోండి.

జవాబు (సేఫ్టీ ఆఫీసర్):

పై జవాబుతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అయితే మీరు అడగని ప్రశ్న ఒకటుంది, అసలు ప్రమాదం అందులోనే ఉంది: పడిన మనిషి ఆగడానికి కింద చోటు చాలుతుందా? అంచు దగ్గర, పాదాల మట్టంలో కొక్కెం తగిలించి ఉందనుకుందాం. లాన్యార్డ్ 1.8 మీటర్లు, అబ్సార్బర్ విచ్చుకుంటే సుమారు 1.1 మీటర్లు, వీపు మీది డి-రింగ్ (లాన్యార్డ్ తగిలించే కడియం) నుంచి పాదాల వరకు 1.5 మీటర్లు, హార్నెస్ సాగేది మరో 0.3 మీటర్లు. కలిపితే 4.7 మీటర్లు, మీ కప్పు ఎత్తు 4 మీటర్లు. యాంకర్ ఎంత గట్టిదైనా మనిషి నేలను తాకుతాడు. నిజానికి లెక్క ఇంతకంటే అధ్వానం. కొక్కెం పాదాల దగ్గర ఉంటే డి-రింగ్ 3.3 మీటర్లు స్వేచ్ఛగా పడిపోతుంది, అమెరికా ప్రమాణం ప్రకారం చేసిన మామూలు అబ్సార్బర్‌లు 1.8 మీటర్ల పతనానికే తయారవుతాయి కాబట్టి అది మరింత పొడవుగా విచ్చుకుంటుంది. వీటన్నిటి మీద ఒక మీటరు మిగులు కూడా చూసుకోవాలి.

కాబట్టి ఇక్కడ పడినవాడిని ఆపడం కాదు, పడకుండా చూడడమే దారి. బ్రిటన్‌లోని 2005 నాటి నిబంధనలు కూడా ఇదే క్రమాన్ని చెబుతాయి: ఎత్తు మీద పని తప్పించగలిగితే తప్పించాలి, లేకపోతే పడకుండా అడ్డుకోవాలి, అదీ కుదరనప్పుడే పడిన దూరాన్ని, దాని ఫలితాన్ని తగ్గించే సాధనాలు వాడాలి. మీ కప్పు చుట్టూ తాత్కాలిక గార్డ్ రైలింగ్ పెట్టించడం మొదటి మార్గం. అది వీలుకాకపోతే, మనిషి అంచు వరకు చేరనే చేరలేనంత పొట్టి తాడును లోపలి వైపున్న యాంకర్‌కు కట్టండి. ఒక్క హెచ్చరిక: వెలుతురు కోసం వేసిన ప్లాస్టిక్ రేకుల మీద కాలు పడితే ఈ పొట్టి తాడు కాపాడదు. వాటి మీద పలకలు కప్పడమో, కింద వల కట్టడమో విడిగా చేయాలి.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ ధన్యవాదాలు. రెండు ప్రధాన రాఫ్టర్ల మధ్య ఉక్కు తాడును బాగా బిగించి కట్టి, దాని మీదే అందరూ కొక్కేలు తగిలించుకుంటే ఎలా ఉంటుంది?

జవాబు (స్ట్రక్చరల్ ఇంజనీరు):

ఎంత బిగిస్తే అంత ప్రమాదం. మధ్యలో మనిషి వేలాడినప్పుడు తాడు అడ్డగీత నుంచి 5 డిగ్రీలు మాత్రమే వంగిందనుకుంటే, 6 కిలోన్యూటన్‌ల బలం ఒక్కొక్క కొన మీద సుమారు 34 కిలోన్యూటన్‌ల లాగుడుగా మారుతుంది. 10 డిగ్రీలు వంగితే అది దాదాపు 17కు తగ్గుతుంది. వదులుగా కడితే కొనల మీద భారం తగ్గుతుంది కానీ మనిషి మరింత కిందికి పోతాడు, మీ దగ్గర ఆ చోటు లేదు. ఇది తయారీదారు లెక్కతో, ఇంజనీరు పర్యవేక్షణలో వేయాల్సిన వ్యవస్థ. సైట్‌లో దొరికిన తాడుతో వేసేది కాదు.

జవాబు (రోప్ యాక్సెస్ శిక్షకుడు):

మీ రెండో ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు. ఖాళీ కొక్కేన్ని నడుము దగ్గరున్న గట్టి ఇనుప రింగుకు తగిలించడం చాలా చోట్ల చూస్తాం. అది చాలా తప్పు. మనిషి పడినప్పుడు బలం లాన్యార్డ్‌లో వాడుతున్న పాయ నుంచి ఖాళీ పాయ మీదుగా నేరుగా నడుముకు చేరిపోతుంది, మధ్యలో ఉండాల్సిన అబ్సార్బర్ విచ్చుకోదు. హార్నెస్ ఛాతీ పట్టీ మీద, లాగితే తెగిపోయేలా చేసిన చిన్న ప్లాస్టిక్ లేదా పట్టీ ముక్క ఉంటుంది. ఖాళీ కొక్కేనికి చోటు అదే.

ఇంకొకటి, యాంకర్‌కు ఎదురుగా కాకుండా బాగా పక్కకు జరిగి పనిచేస్తే, పడినవాడు లోలకంలా ఊగి గోడకో స్తంభానికో కొట్టుకుంటాడు. ఆ ఊపులో తాడు రేకు అంచు మీద రాసుకుంటుంది కూడా. అలాగే వేలాడుతున్న మనిషిని నిమిషాల్లో దించే ఏర్పాటు ముందే ఉండాలి, ఎందుకంటే కదలకుండా హార్నెస్‌లో వేలాడితే రక్తం కాళ్ళలో చేరి స్పృహ తప్పవచ్చు. దించడానికి ఎవరు వెళ్తారు, ఏ నిచ్చెన లేదా తాడు వాడతారు అన్నది పని అనుమతి పత్రంలో రాసి, ఆ నిచ్చెనను కప్పు దగ్గరే ఉంచండి. ఒక్కసారి పడిన మనిషిని ఆపిన హార్నెస్, లాన్యార్డ్ పైకి బాగానే కనిపించినా మళ్ళీ వాడకుండా పక్కన పెట్టేయండి.