చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీ నచ్చింది, ఊరు భయపెడుతోంది: ఎలా తేల్చుకోవాలి?

ప్రశ్న: ఒక తల్లి, న్యూజెర్సీ

మా పెద్దమ్మాయికి కనెక్టికట్ రాజధాని హార్ట్‌ఫర్డ్‌లోని ట్రినిటీ అనే లిబరల్ ఆర్ట్స్ కాలేజీలో (వృత్తి విద్య కాక పలు విషయాలు కలిపి చదివించే డిగ్రీ కాలేజీ) సీటు వచ్చింది. మా రాష్ట్రంలోని ఒక పెద్ద ప్రభుత్వ విశ్వవిద్యాలయంలోనూ వచ్చింది. ట్రినిటీలో మొత్తం 2,200 మంది దాకా మాత్రమే విద్యార్థులు ఉంటారు. పబ్లిక్ పాలసీ అండ్ లా (ప్రభుత్వ విధానాలు, చట్టం) ప్రధాన విషయంగా చదివే మేజర్ ఉంది, చదువుకుంటూనే రాష్ట్ర శాసనసభలో ఇంటర్న్‌షిప్ చేసే వీలుంది. మా అమ్మాయి కోరుకున్నది కూడా అదే. వందల మంది కూర్చునే హాలులో వెనక వరుసకు పరిమితమైపోయే స్వభావం తనది కాబట్టి, పదిహేను ఇరవై మంది ఉన్న తరగతిలోనైతే నోరు విప్పక తప్పదని నాకూ అనిపిస్తోంది.

అడ్డు వస్తున్నదల్లా ఊరు. కాలేజీ చుట్టూ పేదల పేటలు ఉన్నాయనీ, సాయంత్రమైతే బయటికి రాలేరనీ బంధువులు చెబుతున్నారు. మా వారు ఇంటర్నెట్‌లో ప్రమాదకర నగరాల జాబితాలు చదివి ససేమిరా అంటున్నారు. మే 1 లోగా డిపాజిట్ కట్టాలి. ఈ భయానికి ఎంత విలువ ఇవ్వాలో, ఏ ఆధారాలు చూసి తేల్చుకోవాలో తెలిసినవారు చెప్పగలరు.

మొదటి జవాబు: ఇద్దరు పిల్లల తండ్రి, బోస్టన్ పరిసరాలు

ముందుగా ఆ జాబితాల సంగతి. నేరాల గణాంకాలు సేకరించే ఎఫ్‌బీఐయే వాటితో నగరాలకు ర్యాంకులు కట్టవద్దని హెచ్చరిస్తుంది. హార్ట్‌ఫర్డ్ నగర పరిధి సుమారు 18 చదరపు మైళ్లే, జనాభా లక్షా ఇరవై వేల చిల్లర. చుట్టుపక్కల సంపన్న శివార్లన్నీ వేరే పట్టణాలుగా లెక్కకు వస్తాయి. శివార్లను తనలో కలుపుకున్న నగరాలతో ఇలాంటి ఊరిని పోలిస్తే దాని నేరాల రేటు ఎప్పుడూ ఎక్కువగానే కనిపిస్తుంది. నేరాలు లేవని నేను అనడం లేదు. ఆ అంకె మీ అమ్మాయి నడిచే దారి గురించి ఏమీ చెప్పదని మాత్రమే అంటున్నాను.

మీరు చూడవలసింది కాలేజీ వార్షిక భద్రతా నివేదిక. క్లెరీ చట్టం ప్రకారం ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) సాయం అందుకునే ప్రతి కాలేజీ ఏటా అక్టోబరు 1 లోగా, గత మూడేళ్ల లెక్కలతో దాన్ని ప్రచురించాలి. ఈ చట్టం పుట్టిన తీరు మీ ప్రశ్నకు చాలా దగ్గరిది. జీన్ క్లెరీ అనే అమ్మాయి తన అన్నలు చదివిన న్యూ ఆర్లీన్స్‌లోని తులేన్ విశ్వవిద్యాలయానికే వెళ్లవలసింది. అక్కడ ఒక విద్యార్థిని హత్యకు గురైందని తెలిసి, తల్లిదండ్రులు ఆలోచన మార్చుకుని పెన్సిల్వేనియాలోని లీహై విశ్వవిద్యాలయాన్ని ఎంచుకున్నారు. 1986లో ఆమెను అక్కడి వసతి గృహంలో, తన గదిలోనే, ఒక తోటి విద్యార్థి హత్య చేశాడు. వాటంతటవే తాళం పడవలసిన తలుపులను ఎవరో అడ్డుపెట్టి తెరిచి ఉంచారు. తల్లిదండ్రుల పోరాటం ఫలితంగా 1990లో చట్టం వచ్చింది. ప్రశాంతమైన ఊరు, పేరున్న క్యాంపస్ అనే మాటలు ఎంతవరకు భరోసా ఇస్తాయో దీన్నిబట్టి మీరే ఆలోచించండి.

నివేదిక చదివేటప్పుడు జాగ్రత్త అవసరం. క్యాంపస్‌లో జరిగినవి, వాటిలో వసతి గృహాల్లో జరిగినవి, క్యాంపస్ బయట కాలేజీ అధీనంలోని భవనాల్లో జరిగినవి, క్యాంపస్‌ను ఆనుకుని ఉన్న వీధుల్లో జరిగినవి విడివిడి గడుల్లో ఉంటాయి. నాలుగు వీధుల అవతల విద్యార్థులు అద్దెకుండే ఇంట్లో జరిగినది సాధారణంగా ఇందులోకి రాదు. మామూలు దొంగతనం, అంటే లైబ్రరీ బల్ల మీది ల్యాప్‌టాప్ మాయం కావడం లాంటిది కూడా రాదు. రెండు వేల మంది ఉన్న చోట ఒక ఏడాది రెండు దోపిడీలు, మరుసటి ఏడాది నాలుగు అయితే, అంత చిన్న అంకెలను బట్టి ప్రమాదం రెట్టింపైందని అనుకోవడానికి లేదు. ఇక లైంగిక నేరాల గడిలో వరుసగా సున్నాలే కనిపిస్తే నాకైతే అనుమానమే వస్తుంది. అక్కడ ఫిర్యాదు చేయడానికే పిల్లలు వెనకాడుతున్నారేమో అనిపిస్తుంది.

దీనికి తోడు రోజువారీ నేరాల చిట్టా ఒకటి ఉంటుంది. గత 60 రోజుల చిట్టాను అడిగిన ఎవరికైనా చూపించాలి. నివేదిక కంటే అదే ఎక్కువ చెబుతుంది. ఏ గంటకు, ఏ భవనం దగ్గర, ఏమిటి అన్నది వరుసగా చదివితే ఆ క్యాంపస్ రాత్రులు ఎలా ఉంటాయో ఒక అంచనా వస్తుంది.

రెండవ జవాబు: ఒక తల్లి, టెక్సస్

పై జవాబుతో చాలావరకు ఏకీభవిస్తూనే ఒక మాట చెప్పాలి. గణాంకాలతో భయం పోదు. అమ్మాయి బయటికి అడుగు పెట్టిన ప్రతిసారీ ఇంట్లో ఇద్దరూ ఫోను పట్టుకుని కూర్చునే పరిస్థితి అయితే, ఆ ఒత్తిడి చివరికి పిల్ల మీదే పడుతుంది. రాజధానిలో ఉన్న కాలేజీకి వెళ్లి, శాసనసభ దాకా పోవడానికే జంకితే ఆ ఊరు వల్ల రావలసిన లాభం ఏముంది? మీ వారిని వాదనతో ఒప్పించే బదులు వెంటబెట్టుకుని వెళ్లండి. కాలేజీవారు తిప్పి చూపించే పగటి పర్యటన ఒక్కటే చాలదు. శుక్రవారమో శనివారమో రాత్రి పది దాటాక లైబ్రరీ నుంచి వసతి గృహం దాకా ముగ్గురూ నడవండి. దీపాలు ఎక్కడ ఆగిపోయాయో, కాలేజీవారి షటిల్ బండిని పిలిస్తే ఎంతసేపటికి వచ్చిందో, హాస్టలు తలుపుకు ఎవరైనా ఇటుక అడ్డుపెట్టారో మీ కళ్లతోనే చూడండి. అప్పటికీ ఆయన మనసు ఒప్పుకోకపోతే ఆ మాటకూ విలువ ఇవ్వాలి. అయితే మీ ప్రభుత్వ విశ్వవిద్యాలయం దగ్గర కూడా అదే నడక నడవండి. పెద్ద క్యాంపస్‌లో ఆ దూరం ఇంకా ఎక్కువ ఉండవచ్చు.

మూడవ జవాబు: పూర్వ విద్యార్థిని, మరో నగరంలోని చిన్న కాలేజీ

నేను చదివినది ట్రినిటీ కాదు గాని, ఇలాంటి పరిసరాల్లోనే ఉన్న ఒక చిన్న కాలేజీలో నాలుగేళ్లు ఉన్నాను. బయటివారికి కనిపించే ప్రమాదం వేరు, లోపల ఉన్నవారికి ఎదురయ్యే ప్రమాదం వేరు. మా కాలేజీలో జరిగిన ఇబ్బందుల్లో ఎక్కువ భాగం పార్టీల్లో, మద్యం తాగిన తరువాత, తెలిసినవాళ్ల వల్లే జరిగాయి. చిన్న కాలేజీలో దీనికి రెండు ముఖాలు ఉంటాయి. రెండు రోజులు తరగతికి రాకపోతే ప్రొఫెసరు పేరు పెట్టి అడుగుతారు, స్నేహితులు గది తలుపు తడతారు. కాని ఎవరి మీదైనా ఫిర్యాదు చేస్తే, అతను మరునాడు అదే భోజనశాలలో ఎదురు బల్ల దగ్గర కనిపిస్తాడు. అలాంటప్పుడు వసతి గది మార్చడం, తరగతుల వేళలు సర్దడం ఎంత త్వరగా జరుగుతుందో అడ్మిషన్లవారిని కాక, డీన్ ఆఫీసువారిని అడగండి. నాలుగేళ్లూ క్యాంపస్‌లోనే గది దొరుకుతుందా అన్నది కూడా రాతపూర్వకంగా తెలుసుకోండి. పై సంవత్సరాల్లో బయట ఇల్లు అద్దెకు తీసుకుంటే భద్రత లెక్కలన్నీ మారిపోతాయి.

ఇంకొక సంగతి. కాలేజీ ఆ పేటవారి వైపు వీపు తిప్పి కూర్చుందా, వాళ్లతో కలిసి పని చేస్తోందా అన్నది చూడాలి. ట్రినిటీ పక్కనే, ఒకప్పుడు బస్సుల గ్యారేజీ ఉన్న 16 ఎకరాల స్థలంలో, కాలేజీ చొరవతో లెర్నింగ్ కారిడార్ పేరిట 2000లో పాఠశాలలు వెలిశాయి. స్థానికులు లేవనెత్తిన సమస్యల మీద విద్యార్థులు పరిశోధించే యాక్షన్ ల్యాబ్ కూడా ఉంది. వీటి వల్ల నేరాలు తగ్గాయని చెప్పేంత సాహసం చేయను. కాని పాలసీ చదవాలనుకునే పిల్లకు ఆ పేట బడి పిల్లలతో, అద్దె ఇళ్ల సమస్యలతో పరిచయం కావడం చదువులో భాగమే. ఆ మనుషుల్ని ముప్పుగానే చూస్తూ నాలుగేళ్లు గడపవలసి వస్తే, ఆ చదువుకు అది సరైన చోటు కాదు.

అడిగినవారు:

అందరికీ ధన్యవాదాలు. రోజువారీ చిట్టా కోసం కాలేజీకి రాశాను, ఏప్రిల్ రెండో వారాంతంలో మా వారితో సహా వెళుతున్నాము. ఒక చిన్న ప్రశ్న మిగిలింది. రాత్రిపూట నడవకుండా ఉండేందుకు మా పాత కారు అమ్మాయికి ఇచ్చి పంపుదామని ఆయన అంటున్నారు. అది మేలేనా?

మొదటి జవాబు ఇచ్చినవారు:

మొదటి ఏడాది వద్దండి. కారు పోతే క్లెరీ లెక్కలోకి వస్తుంది గాని, అద్దం పగలగొట్టి లోపలి బ్యాగు ఎత్తుకుపోతే రాదు, అందువల్ల ఆ బెడద ఎంతుందో నివేదికలో మీకు కనిపించదు. చిట్టా వచ్చాక పార్కింగ్ స్థలాల పేర్లు ఎన్నిసార్లు వచ్చాయో చూడండి. పైగా కారు ఉన్న పిల్ల అర్ధరాత్రి స్నేహితులందరికీ డ్రైవరు అవుతుంది. షటిల్ ఎన్ని గంటల దాకా నడుస్తుందో, సెలవుల్లో కూడా ఉంటుందో లేదో కనుక్కుని, రెండో ఏడాది ఇంటర్న్‌షిప్ వచ్చినప్పుడు కారు సంగతి ఆలోచించండి.