‘పొగ తాగనివాడు’: ‘తా’నా, ‘త్రా’నా?

నందివర్ధనం: గురజాడ ‘కన్యాశుల్కం’లో గిరీశం చదివే చుట్ట పద్యం ఉందిగా, ఆ కందం (ఒక పద్య ఛందస్సు) నాలుగో పాదం నా నోట “పొగ త్రాగనివాడు దున్నపోతై పుట్టున్” అనే వస్తుంది. మా వదిన ‘తాగని’ అంటుంది. ఏది సరి? మా పిన్నికి ఊపిరితిత్తుల క్యాన్సర్. రిపోర్టులో అడినోకార్సినోమా అని ఉంది. ఆవిడ జన్మలో చుట్ట ముట్టలేదు. చూడవచ్చిన ప్రతివాళ్ళూ “పొగ తాగేదా?” అనే అడుగుతున్నారు. ఆ పాదాన్నే తిప్పి, తాగనివాళ్ళకీ వస్తుందని నాలుగు ముక్కలు రాద్దామని కూర్చుంటే ఈ అక్షరం అడ్డం పడింది.

మూడోగణం: రెండూ నడుస్తాయి. లఘువు (పొట్టి అక్షరం), గురువు (పొడుగు అక్షరం) లెక్కన పొగతా, గనివా సగణాలు, డుదున్న జగణం. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జత, పొ–పో. క్రారవడి (‘త్రా’లోని ర-వత్తు) ముందు ‘గ’ గురువైపోతుందన్న భయం వద్దు. రెండో పాదంలో “భూమిని వ్రాలెన్” చూడండి, ‘ని’ లఘువే.

బొబ్బిలి వీణ: గణాలు కుదిరితే చాలదు. ఖగపతి (గరుత్మంతుడు) తెస్తున్న అమృతం చుక్క నేల రాలి పొగచెట్టయిందంటూ పురాణం వేషం కట్టిన పద్యం ఇది. పోర్చుగీసువాళ్ళు తెచ్చిన పొగాకుకి గరుత్మంతుణ్ణి ముడిపెట్టాలంటే భాష పాతదిగా వినపడాలి. ‘త్రా’యే ఉండాలి.

మూడోగణం: పద్యం చదివేది గిరీశం. వాడుకభాష కోసం అంత పోరాడిన గురజాడ వాడి నోట ‘తాగని’ అనిపించడమే నాకు సహజంగా తోస్తుంది.

తెల్లకోటు: అక్షరం తర్వాత చూద్దాం. ఊపిరితిత్తుల క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది ఈ అడినోకార్సినోమా రకమే, దాదాపు 40 శాతం. జిగురు ఊరే గ్రంథి కణాల్లో, తరచుగా తిత్తి అంచులవైపు పుడుతుంది. పెద్ద గాలిగొట్టాలకి దూరం కాబట్టి చాలాకాలం దగ్గు కూడా రాకపోవచ్చు. పొగతాగేవాళ్ళకీ వస్తుంది, తాగనివాళ్ళకి వచ్చేది మాత్రం ఎక్కువగా ఇదే. ఇంట్లో ఇతరుల చుట్టపొగ, కట్టెలపొయ్యి, కలుషితమైన గాలి, నేలలోంచి వచ్చే రాడాన్ వాయువు కారణాల్లో కొన్ని. ఏ కారణమూ దొరకనివాళ్ళూ ఉన్నారు. ఎక్స్‌రేలో మచ్చ చూసి టీబీ అనుకుని నెలలు పోగొట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. ఈజీఎఫ్ఆర్, ఆల్క్ అనే జన్యువుల్లో మార్పుల పరీక్షకి పంపారా? ఈజీఎఫ్ఆర్‌లో తగిన మార్పు ఉంటే ఒసిమెర్టినిబ్ లాంటి మాత్రలు పనిచేస్తాయి. తప్పకుండా అడగండి.

మూడోగణం: ‘గ్రంథి’కి థ రాశారు, సంతోషం. పత్రికల్లో సైతం ‘గ్రంధి’ అచ్చవుతోంది.

బొబ్బిలి వీణ: అసలు పేచీ ‘వాడు’ దగ్గర. మా శ్రీకాకుళం తీరంలో ఆడవాళ్ళు అడ్డపొగ తాగుతారు, నిప్పు నోట్లో పెట్టుకుని. దాని దెబ్బ ముందు అంగిలికి. పిన్నిగారి కోసం రాసే పాదంలో ‘తాగనివారు’ అనండి. గణం చెడదు.

మూడోగణం: గణం చెడదు, క్రియ చెడుతుంది. ‘వారు’ అంటే ‘పుట్టుదురు’ కావాలి. పాదం చివర ఉండాల్సిన గురువు పోతుంది.

నందివర్ధనం: పరీక్షకి పంపారండీ, ఫలితం రావాలి. ఆల్క్ కూడా అడుగుతాను. ‘వారు’ ఉంచి చివర గురువు దక్కే క్రియ ఏదైనా ఉందా?

బొబ్బిలి వీణ: కందంతో ఎందుకు కుస్తీ? ఇంత చక్కటి కందం రాసిన గురజాడ చెయ్యే 1910లో ముత్యాలసరం అనే ఛందస్సుకి మళ్ళింది. మూడూ నాలుగు మాత్రల నడక, యతి బెడద లేదు. అందులో రాయండి.

మూడోగణం: యతి లేని పద్యం నేను ఒప్పుకోను. ‘పుట్టున్’ బదులు ఏదో ఒకటి దొరుకుతుంది, వెతుకుతున్నాను.