ఈ పాటలకి నెల్లూరు ఎండలో ఏం వేసుకోవాలి?

మాది కోవూరు, ఆఫీసు నెల్లూరులో. ఆ రోజు వేసుకున్న బట్టలకి సరిపోయే ఇండీ పాటలు, అంటే సినిమావి కాకుండా గాయకులు, బ్యాండ్లు సొంతంగా చేసుకునే పాటలు, బస్సులో వినడం నాకో పిచ్చి. ఫ్రెండ్స్ నవ్వుతారనుకోండి, అది వేరే సంగతి.

గాయకుడు ప్రతీక్ కుహాడ్‌తో ఇబ్బంది లేదు. ఆ మెత్తటి గిటారుకి అమ్మ పాత వెంకటగిరి కాటన్ చీరతో కుట్టించుకున్న గంధం రంగు కుర్తా ఉంది. సన్నటి జరీ అంచు మణికట్టు దగ్గర మాత్రమే కనబడేలా పెట్టించాను. దాన్ని మించింది లేదు. కొచ్చి బ్యాండు వెన్ చాయ్ మెట్ టోస్ట్ పాటల్లో బాంజో మోగితే పసుప్పచ్చ కుర్తీ, జీన్సు.

చిక్కంతా ఢిల్లీ బ్యాండు పీటర్ క్యాట్ రికార్డింగ్ కో.తోనే. ఆ ట్రంపెట్లు, ఆ పాతకాలం క్యాబరే మత్తు! ఎవర్నడిగినా వెల్వెట్ కోటు, కార్డురాయ్ ప్యాంటు అంటారు. రోహిణీ కార్తెలో, పెన్నా బ్రిడ్జి మీద ఆగిపోయిన బస్సులో వెల్వెట్టా? ఆవిరి కుడుమైపోతాను.

ముదురు రంగు, కాస్త షోకు ఉండాలి, చెమట పీల్చాలి, మేనేజరు వింతగా చూడకూడదు. మంగళగిరి కాటన్‌లో వైన్ రంగు చొక్కా కుట్టిస్తే బావుంటుందా? లేక మామూలు లినెన్ చొక్కాకి పాత బ్రోచ్ పెడితే చాలా? చున్నీ వేస్తే ఆ మూడ్ పోతుందని నా అనుమానం. కిందికి ప్యాంటు ఏదో కూడా చెప్పండి. మొత్తం పదిహేను వందల లోపు తేలాలి.